నీళ్లు దూరని చోటు

ప్రయోగశాలలో ఆ అమ్మాయి పరికరం ముందు కూర్చుని ఉంది. భార్య పోయాక మొదటిసారి ఆ గదిలోకి వచ్చిన బాబాయి ఆమె వెనక నిలబడ్డాడు.

“పిన్ని చివరగా గీసిన అణువు ఇదే, బాబాయ్. ఇది వెలగకపోతే తన పని ఇక్కడితో ఆపేస్తారు.”

“మరి ఇదివరకు చేసినవో?”

“అణువు లోపలుండే లోహం తనంతట తాను వెలుతురు పట్టలేదు. చుట్టూ ఉన్న అణువే పట్టి అందించాలి. పాతవాటిలో సందు మిగిలి, నీళ్లు దూరి ఆ వెలుగంతా తాగేసేవి. పిన్ని ఆ సందు మూసేసింది.”

“ఇంట్లోనూ అంతే. చలికాలం కిటికీ సందుల్లో గుడ్డపేలికలు కుక్కేది. నేను నవ్వేవాణ్ణి.”

“ఇదిగో, తెర మీద వెలుగు గీత లేచింది! పాతదానికి నాలుగింతలు! పిన్ని గెలిచింది, బాబాయ్!”

“ఏదీ, ఆ వెలుగు నన్నూ చూడనీ.”

“అది కంటికి ఆనదు. ఎరుపుకి అవతలిది. యంత్రానికే తెలుస్తుంది.”

“ఇసుమంత కూడానా?”

“ఊహూఁ.”

“సర్లే. నిద్రలో కూడా దీన్నే కలవరించేది. ఒక్కసారి చూద్దామనిపించింది, అంతే.”

“రా, ఈ స్టూలు మీద కూర్చుని పరికరానికున్న ఈ నల్లద్దంలోంచి చూడు. గదిలో లైట్లు తీసేస్తాను.”

“కనపడదన్నావుగా, తల్లీ.”

“కనపడదు. అయినా తీసేస్తాను. నీకు చాలనిపించేదాకా చూడు.”