మళ్లీ గురువారం

తెనాలిలో మందు మానిపించే కేంద్రం. గురువారం ఉదయం. ఓపీ గది బయట బల్ల మీద ఇద్దరు.

"మళ్లీ లేచావేంటి హేమంత్? కూర్చో."

"కాదు బాబాయ్... పదిన్నరకి రేపల్లె బండి ఉంది. దానికి వెళ్లిపోతా. వచ్చే గురువారం తప్పకుండా వస్తా."

"వచ్చే గురువారం వస్తానని చెప్పి వెళ్లి ఎన్ని నెలలైంది?"

"ఆరు."

"మరి ఇవాళ ఎందుకొచ్చావు?"

"ఊరికే."

"రేపల్లె నుంచి తెనాలికి ఊరికే వచ్చావా? వచ్చి గంట నుంచి ఈ బల్ల మీద ఊరికే కూర్చున్నావా?"

"మీరు లోపలికి పదండి బాబాయ్. మీ కుర్చీలో కూర్చోండి. కొత్తగా వచ్చినవాళ్లతో మాట్లాడతారుగా ఎప్పుడూ, వాళ్లతోపాటు నేనూ వచ్చి కూర్చుంటా. మీరుంటే నాకు ధైర్యం."

"ఇవాళ నేను ఆ కుర్చీలో కూర్చోనులే."

"ఏం?"

"ప్రతాప్ అని చుండూరతను, అతను కూర్చుంటున్నాడు. బాగా మాట్లాడతాడు."

"మీలాగా ఎవరు మాట్లాడతారు? మొదటిరోజు నా చేతులు వణుకుతుంటే టీ గ్లాసు మీరే పట్టుకుని తాగించారు. 'నా పేరు వెంకటరత్నం, లారీ నడిపేవాణ్ణి, ఇరవై ఏళ్లు తాగాను, మానేసి తొమ్మిదేళ్లయింది' అన్నారు. నాకు ఏడుపొచ్చింది. తొమ్మిదేళ్లు ఎట్లా సాధ్యం అని."

"నా సంగతి ఎందుకు. నీది చెప్పు. ఎక్కడ తెగింది?"

"తెగడం ఏంటి?"

"హేమంత్."

"వేమూరులో."

"వేమూరులో ఏముంది?"

"ఏమీ లేదు. ఆ గురువారం కూడా ఇక్కడికే బయలుదేరా బాబాయ్, ఒట్టు. టిక్కెట్టు తీసుకున్నా, బండెక్కా. అప్పటికి రెండు నెలల పదకొండు రోజులు. చుక్క ముట్టలేదు. వేమూరులో బండి ఆగింది. కాళ్లు చాపుకుందామని దిగా. దిగి..."

"ఊఁ."

"అంతే. మళ్లీ ఎక్కలేదు."

"మాత్రలు వేసుకుంటూనే ఉన్నావా?"

"అంతకు నాలుగు రోజుల ముందు ఆపేశా. మాధురికి చెప్పలేదు. వేసుకున్నట్టు నోట్లో పెట్టుకుని, పెరట్లోకి వెళ్లి ఊసేవాణ్ణి."

"అంటే దిగడానికి నాలుగు రోజుల ముందే దిగిపోయావు."

"అప్పుడు నాకలా అనిపించలేదు బాబాయ్. నిజంగా అనిపించలేదు. గొడవ లేదు, బాధ లేదు. ఆ పొద్దున మాధురి ఉప్మా డబ్బాలో పెట్టిచ్చింది. పాప టాటా చెప్పింది. ఇప్పుడు లోపలికెళితే డాక్టరుగారు కారణం ఏంటని అడుగుతారు. కారణం ఉంటే కదా చెప్పడానికి?"

"ఉండదు. నాకు తెలుసు."

"మీకు ఎప్పుడో తెలిసుంటుంది. ఈ తొమ్మిదేళ్లలో మర్చిపోయుంటారు."

"తొమ్మిదేళ్లు, తొమ్మిదేళ్లు అనకు."

"ఏం? అబద్ధమా? గోడ మీద మీ ఫొటో కూడా ఉండేదిగా, కేకు కోస్తున్నది. ఇవాళ లేదేంటి?"

"నేనే తీసెయ్యమన్నా."

"ఎందుకు?"

"ఫొటోలెందుకులే. మాధురి ఎట్లా ఉంది?"

"షాపు బాగానే నడుస్తోంది బాబాయ్. ఫ్లెక్సీలకి ఏం కొదవ? పుట్టినరోజులు, పెళ్లిరోజులు..."

"మాధురి ఎట్లా ఉందని అడిగా."

"బాపట్లలో ఉంది. వాళ్లమ్మ దగ్గర."

"ఎప్పుడెళ్లింది?"

"దసరా ముందు. పాపని తీసుకుని వెళ్లింది. నేను ఇంట్లోనే ఉన్నా, పడుకుని. చెప్పి వెళ్లిందో చెప్పకుండా వెళ్లిందో కూడా నాకు తెలీదు."

"నువ్వు వెళ్లలేదా?"

"మొన్న శనివారం వెళ్లా."

"మంచిగానే వెళ్లావా?"

"కొద్దిగా వేసుకుని వెళ్లా. ధైర్యానికి."

"సరే. చెప్పు."

"తాగామో లేదో చూడ్డానికి ఇక్కడ మిషన్లో ఊదిస్తారుగా బాబాయ్. నేను ఒకసారి ఇంట్లో చెబితే పాపకి అదొక ఆటైంది. గుమ్మంలోకి రాగానే 'నాన్నా ఊదు' అని మొహం మొహానికి ఆనించేది. ఊదితే దాని ముందు జుట్టు పైకి లేచేది. పకపకా నవ్వి 'నాన్న పాసయ్యాడమ్మా' అని వంటింట్లోకి కేకేసేది."

"ఊఁ."

"మొన్న బాపట్లలో గేటు తీశానో లేదో పరిగెత్తుకొచ్చింది. ఎత్తుకోమంది. ఎత్తుకున్నా. 'నాన్నా ఊదు' అంది. నేను మొహం ఇటు తిప్పుకున్నా. అదీ ఇటు తిప్పి 'ఊదు నాన్నా' అంది. అటు తిప్పుకున్నా. కాసేపు ఆటే అనుకుంది. నవ్వింది కూడా. తర్వాత నవ్వడం ఆపేసింది."

"కానీ, చెప్పు."

"దించమంది. దించా. లోపలికి నడుచుకుంటూ వెళ్లింది బాబాయ్. పరిగెత్తలేదు. వెళ్లి వాళ్లమ్మతో మెల్లిగా చెప్పింది, 'నాన్న ఊదట్లేదమ్మా' అని. నాలుగేళ్ల పిల్ల. అంత మెల్లిగా మాట్లాడటం దానికి ఎవరు నేర్పారు?"

"మాధురి ఏమంది?"

"తలుపు వేసుకుంది. తిట్టినా బాగుండేది."

"అందుకొచ్చావు ఇవాళ."

"అందుకే."

"మరి ఇక్కడిదాకా వచ్చి వెళ్లిపోతానంటావేంటి?"

"లోపల అంతా నాకు తెలిసినవాళ్లే. రెండు నెలలైనప్పుడు నన్ను మీ పక్కన నిలబెట్టి చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"ఈ మొహమే. వేరే మొహం ఎక్కడి నుంచి తెస్తాం?"

"తెస్తాం అంటారేంటి? మీకేం ఖర్మ?"

"మాటవరసకి."

"మళ్లీ ఒకటో రోజు నుంచేగా బాబాయ్? ఆ రెండు నెలల పదకొండు రోజులూ పోయినట్టేగా?"

"ఒకటో రోజు నుంచే మొదలు. కానీ పోయాయని ఎవరన్నారు? ఆ రోజుల్లో పాప జుట్టు ఎగిరిందా లేదా? నవ్విందా లేదా? నువ్వు తర్వాత ఎంత తాగినా ఆ నవ్వు నవ్వనట్టు కాదుగా."

"మీరు చెబితే నిజమే అనిపిస్తుంది."

"నాకు నేను చెప్పుకుంటే అనిపించట్లేదు అబ్బాయ్, అదే బాధ."

"అంటే?"

"ఏం లేదు. మంచినీళ్లు తాగుతావా?"

"వద్దు. బాబాయ్, ఒకటి చెప్పాలి. కోప్పడొద్దు."

"చెప్పు."

"నేను రావడం మానేసిన కొత్తలో మీరు వారం వారం ఫోన్ చేసేవారు. ఎత్తేవాణ్ణి కాదు. తర్వాత మీరూ మానేశారు. మళ్లీ దసరా వెళ్లాక ఒక ఆదివారం చేశారు. ఆరుసార్లు. వరసగా."

"చేశానేమో."

"చేశారు. నాలుగింటికి. నేను షాపులోనే ఉన్నా. తాగి ఉండి ఎత్తలేదనుకున్నారేమో, లేదు. ఆ రోజు తాగలేదు నేను. పని చేసుకుంటున్నా. మీ పేరు చూడగానే సిగ్గేసింది. ఫోన్ బోర్లా పెట్టేశా. బల్ల మీద అది గిరగిరా కదులుతూనే ఉంది. ఆరోసారి ఆగిపోయాక హమ్మయ్య అనుకున్నా."

"పోనీలే."

"తిడతారనుకున్నా."

"తిట్టడానికి కాదు."

"మరెందుకు చేశారు?"

"అప్పుడేదో... వానగా ఉంది ఆ రోజు. వదిలెయ్."

"ఆ తర్వాత మీ నుంచి ఒక్క ఫోన్ లేదు. నా మీద ఆశ వదిలేసుకున్నారనుకున్నా."

"నీ మీద కాదు."

"మరెవరి మీద?"

"అదుగో, మీ పిన్ని వస్తోంది."

"కమలమ్మ పిన్నా? ఈవిడొచ్చిందేంటి ఇవాళ? పిన్నీ, బాగున్నారా?"

"హేమంతా? ఎన్నాళ్లకి నాయనా! ఎంత చిక్కిపోయావు! ఉండు, నీతో తర్వాత మాట్లాడతా. ఏమండీ, చీటీ రాయించా. పేరు, వయసు, ఊరు నేనే చెప్పా. మళ్లీ ఎప్పట్నుంచి తాగుతున్నారో, రోజుకి ఎంతో మాత్రం మీరే వచ్చి చెప్పాలంట."

"ఎవరు పిన్నీ? ఎవరు తాగుతున్నది?"

"నీకు చెప్పలేదా ఈయన?"

"బాబాయ్?"

"నువ్వు లోపలికి నడువు కమలా. వస్తున్నా."

"పోయిన వారం కూడా వస్తున్నానంటూనే గేటు దాటి వెళ్లిపోయారు. ఇవాళ మీ వెనక పరిగెత్తే ఓపిక నాకు లేదండీ."

"పరిగెత్తక్కర్లేదు. వీడున్నాడుగా పక్కన. నువ్వు నడువు."

"హేమంతూ, నీ చేతికి అప్పజెబుతున్నా నాయనా. తీసుకునిరా."

"బాబాయ్... మీరా?"

"నేనే."

"అబద్ధం. మీరు కాదు."

"అబద్ధమైతే మీ పిన్ని అక్కడ ఎందుకు నిలబడుతుంది?"

"ఎప్పట్నుంచి?"

"మూడు నెలలు దాటింది."

"ఇంట్లో ఏమన్నా జరిగిందా? పిన్నితో ఏమన్నా..."

"ఏమీ జరగలేదు. నీ వేమూరులో ఏం జరిగింది? ఇదీ అంతే. మీ పిన్ని వాళ్ల చెల్లెలి గృహప్రవేశానికి బాపట్ల వెళ్లింది. పప్పుచారు కాచి, అప్పడాలు వేయించి వెళ్లింది. తిన్నా. పడుకున్నా. లేచేసరికి వాన. గొడుగు తీసుకుని బయటికొచ్చా. బ్రాందీ షాపు సందులోకి మలుపు తిరిగేదాకా ఎక్కడికి వెళుతున్నానో నాకు తెలీదు."

"ఇక్కడ ఎవరికైనా ఒక్క ఫోన్ చెయ్యాల్సింది బాబాయ్! డాక్టరుగారున్నారు, ప్రతాప్ ఉన్నాడంటున్నారు, ఇంతమంది..."

"వాళ్లకి ఏమని చెప్పను? నన్ను చూసి మానేసినవాళ్లు వాళ్లు. వాళ్ల దగ్గర నేను తొమ్మిదేళ్ల మనిషిని. నేను సిగ్గుపడకుండా మాట్లాడగలిగినవాడు అప్పటికి ఒక్కడే అనిపించాడు. పడిపోయినవాడు."

"మూడు నెలలు దాటిందంటే... వాన... ఆదివారమా బాబాయ్?"

"లే అబ్బాయ్. మీ పిన్ని చూస్తోంది."

"ఆ ఆరు ఫోన్లు... నన్ను మళ్లీ ఇక్కడికి రమ్మనడానికి కాదా?"

"పద, ఇద్దరం కలిసే వెళదాం."

"చెప్పండి బాబాయ్. చెప్పకపోతే నేను లేవను."

"ఆ బ్రాందీ షాపుకి ఎదురుగా గొడుగేసుకుని నిలబడి చేశాను హేమంత్. 'వద్దు బాబాయ్' అని నువ్వు ఒక్క మాటంటే, ఇంటికి వెళ్లిపోదామని."