మెడలో పెన్‌డ్రైవ్

భద్రాచలం అవతలి అడవి ఊళ్ల పోడు సంఘం ఆఫీసు. చనిపోయిన వీరబాబు కంప్యూటర్ ముందు అతని చెల్లెలు, ఖమ్మం నుంచి వచ్చిన అతని దోస్తు కూర్చున్నారు. రేపటికల్లా నలభై కుటుంబాల పట్టా దరఖాస్తులు ప్రింట్ తీసి ఇవ్వాలి.

"మళ్లా తప్పు చూపే గదే ఎర్ర లైను వచ్చింది కదన్నా."

"అవ్ చెల్లె. దరఖాస్తు నింపే ఫైల్ వేరే ఉంటది. దాన్ని ఈ ప్రోగ్రామ్ ఇంపోర్ట్ చేసుకోవాలె. దీన్ని నడిపే పైథాన్‌కు అది దొరుకుతలేదు."

"పొద్దటి సంది పాత్‌లు మారుస్తనే ఉన్నవ్."

"ఫోల్డర్లన్నీ వెతికిన. వీరబాబు రాసిన పాత్ చూడు, ఫైల్ ఉన్న జాగ, ఎఫ్ డ్రైవ్. అంటే పెన్‌డ్రైవ్. ఈ కంప్యూటర్‌ల వైరస్ ఉన్నదని ఫైలు, భూముల కొలతలు అన్నీ దాంట్లనే పెట్టుకున్నడు. అది పెడితే రెండు నిమిషాల పని."

ఆమె చేతులు ఒళ్లోకి లాక్కుంది.

"నల్లతాడుకు కట్టి మెడల వేసుకునేటోడు, గదేనా?"

"గదే. ఇంట్ల ఉన్నదా?"

"మా దిక్కు, సచ్చిన మనిషి వాడిన సామాను మనిషితోనే పంపుతరన్నా. చెప్పులు, గొడ్డలి, అన్నం గిన్నె."

అతను మౌస్ వదిలేశాడు.

"స్నానం చేయించేటప్పుడు తాడు ఊడింది. మా అన్న ఎన్నడూ తియ్యడని నేనే మళ్లా ముడేసిన."

"పూడ్చిండ్రా?"

"కాల్చినం."

అతను కీబోర్డు పక్కకు నెట్టాడు.

"ఒక్కసారి మళ్లా కొట్టి చూడన్నా."

కాదనలేక కొట్టాడు. ఎర్ర లైను వచ్చింది. బయట వాకిట్లో, దూరం ఊళ్లవాళ్లు రేపటి కోసం ఇవ్వాళే వచ్చి కూర్చున్నారు.