ఆగయ్య బావ ఇద్దరికీ చెప్పని ముచ్చట

కూసో అల్లుడా, కూసో. గా కుర్సీ ఇటు గుంజుకో. పది మెట్లెక్కుడుకే గంత ఆయాసమేందిరా నీకు? జర దమ్ము తీస్కో. ఛాయ తాగుతవా? ఒద్దా? ఎవలొద్దన్నరు, డాక్టరా, ఆయుర్వేదం పొడి ఇచ్చినాయనా? ఇద్దరొద్దన్నరా! మంచిగుంది, గీ ఒక్క ముచ్చట మీదనన్న ఇద్దరు కలిసిన్రు. శ్యామలా, ఉపేందర్ వచ్చిండు, జర మజ్జిగ తే. ఉప్పెయ్యి, మిరపకాయ ఎయ్యకు. మీ అమ్మ పొద్దుగాల్నే ఫోన్ జేసింది. "శంకరూ, రేపు గొంతులకెళ్లి పైపు ఏసి సూస్తమన్నరట, వీడేమో పోనంటుండు, పొడి తింటనంటుండు, నువ్వన్న చెప్పురా" అని ఒకటే ఏడ్పు. నలభై ఏండ్లొచ్చినోనికి నేనేం చెప్త? ఏదీ, గా ప్యాకెట్ ఇటియ్యి. వాసన సూస్త. ఊఁ, కరక్కాయ ఉంది. ఇంకేందో ఉంది, ఎవలికెర్క.

పొడి మంచిది కాదని నేననను. గోళి మంచిది కాదని గూడ అనను. నాకు కడుపుబ్బరమైతె వాము నీళ్లే, టైఫాయిడ్ వచ్చిననాడు మాత్రం సూదులే బతికిచ్చినయి. గని నీకు మీ నాయిన ముచ్చట ఒకటి చెప్పాలె. మీ నాయిన పోయి ఇరవై ఎనిమిదేండ్లాయె, గప్పుడు నువ్వు ఏడో తరగతి. కడుపుల పుండు పగిలి పోయిండని ఎర్క నీకు, అంతే గదా? ఆగు, మోటరు బంజేసొస్త. ట్యాంకు నిండి నీళ్లు రోడ్డు మీదికి పోతె పక్కింటోళ్లు లొల్లి జేస్తరు.

ఆఁ, ఏమంటున్న? మీ నాయిన. నాచారంల దారం కంపెనీల ఇద్దరం ఒక్క దగ్గర్నే పని. మూడు షిఫ్టులు, తిండికి ఒక టైమని లేకుండె. కడుపుల మంట లేసిందంటె నడుం ఒంచి, మిషిన్ పట్టుకొని నిలబడుతుండె. ఏమైంది బావా అంటె, "ఏం లేదు బామ్మర్ది, గ్యాసు" అనేటోడు. మనకు అన్నీ గ్యాసే గదా! ఛాతిల నొప్పొస్తె గ్యాసు, తల తిరిగితె గ్యాసు, మీ అత్తకు నా మీద కోపమొస్తె అది గూడ గ్యాసే. నవ్వకు, ఇంటది. ఉప్పల్ చౌరస్తా కాడ ఒక డాక్టర్ సాబ్ ఉంటుండె, పొట్టిగ, కండ్లద్దాలు, పేరు నాలిక మీదనే ఉంది, వస్తలేదు. ఆయన కాడికి పోతె రెండే నిమిషాలు. పండుకో, ఇక్కడ నొస్తుందా, ఇక్కడ నొస్తుందా, ఇగో చీటి. గోళి మింగినంక అర్ధ గంటల మంట బందయ్యేది, అబద్ధమెందుకు చెప్పాలె. గోళి బంజేస్తె మల్ల షురూ. నాలుగేండ్లు గట్లనే గడిచింది. నీ కడుపుల మంట గూడ నాలుగేండ్లసందేనా? అవునా!

గప్పుడు నేనే తోల్కపోయిన, ఘట్‌కేసర్ స్టేషన్ అవతల త్రిమూర్తులు గారని, రాజమండ్రి దిక్కుకెళ్లి వచ్చిన ఆయుర్వేదం ఆయన. తెల్ల పంచె, సన్న గొంతు. గంట సేపు కూసోబెట్టిండయ్యా! "ఏమండీ ఆగయ్యగారూ, నిద్ర ఎలా పడుతుంది? కోపం ఎక్కువా? చిన్నప్పుడు ఏం తినేవారు?" గిసొంటివన్నీ అడిగిండు. మీ నాయిన జొన్న గటుక కాడికెళ్లి మొదలువెట్టి అన్నీ చెప్పిండు. గంత మాట్లాడంగ నేనెన్నడు సూడలే. వాపస్ వచ్చేటప్పుడు బస్సుల కిటికీ కాడ కూసోని ఊకనే నవ్వుతుండె. అన్నేండ్లల్ల గాయిన్ని గన్ని మాటలు ఎవలడిగిన్రు? నేనడగలే. గది తల్సుకుంటె ఇప్పటికి బాధైతది నాకు. సరే, త్రిమూర్తులు గారు పొడి ఇచ్చి రెండు మాటలు చెప్పిండు. "ఇంగ్లీషు మందు ఏదీ ముట్టుకోకూడదండీ. ఇందులో ఇనుప భస్మం ఉంది, విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడకండి." మీ నాయిన సరేనని చేతిల చెయ్యేసి మాటిచ్చిండు.

నిజం చెప్తున్న, నెల దినాలల్ల పుల్లటి తేన్పులు తగ్గినయి. కారం బందు, టైముకు తిండి, మజ్జిగ. పొడి తగ్గించిందో, తిండి తగ్గించిందో, గా పెద్దాయన కూసోబెట్టి మాట్లాడుడు తగ్గించిందో, నాకైతె తెల్వదు. గని మోకాళ్ల నొప్పులున్నయి గదా! ఎనిమిది గంటలు నిలబడే కొలువాయె. గల్లీ మెడికల్ షాపుల నొప్పి గోళి తీస్కొని, పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి ఏసుకుంటుండె. గవి కడుపును తింటయని నాకెర్కనా, ఆయనకెర్కనా? త్రిమూర్తులు గారికి చెప్పలే. ఎట్ల చెప్తడు, ముట్టనని మాటిచ్చిండు గదా. ఉప్పల్ డాక్టర్‌కు పొడి ముచ్చట చెప్పలే. ఆకులు పసర్లు తింటవా అని తిడ్తడని భయం. ఇద్దరి కాడ మంచిగుండాలె, ఎవల మనసు నొప్పియ్యొద్దు. గదీ మీ నాయిన. గాయినకు గోళీల సంగతి తెల్వదు, గీయినకు పొడి సంగతి తెల్వదు. రెండు తెలిసినోణ్ని నేనొక్కణ్నే.

శ్యామలా, మజ్జిగ అన్న గదనే! ఎక్కడ కూసోబుద్ధయితలేదు ఇయ్యాల. ఉండు, గీ కిటికీ తెరుస్త.

ఇగ ఒకనాడు డ్యూటీ దిగి గేటు కాడ నిలబడ్డం. "శంకరూ, పొడి మస్తు పనిజేస్తుందిరా, దొడ్డికి తారు లెక్క పోతుంది" అన్నడు మీ నాయిన, సంబరంగ. మూడు నెలలసంది తింటుండు పొడి, గట్ల తారు లెక్క ఎన్నడన్నా పోయిందా అని నేనడగాలె గదా! అడగలే. ఇద్దరం నవ్వుకున్నం. గది పొడి నలుపు కాదు, కడుపుల పుండు కారి పోయే రక్తమని మాకేం ఎర్క? మూడు దినాలైనంక మెట్లెక్కుతుంటె కండ్లు తిరిగినయి. నా స్కూటర్ మీద ఉప్పల్ తీస్కపోయిన. గా దినం డాక్టర్ రెండు నిమిషాలల్ల పంపలే. కనురెప్ప కిందికి గుంజి సూసిండు. తెల్లగ పాలిపోయింది. కలం పక్కకు వెట్టి, "ఆగయ్యా, దొడ్డికి నల్లగ పోతుందా?" అని అడిగిండు. అడిగిండు అల్లుడా! మీ నాయిన "లేదు సార్" అన్నడు. అవునంటె పొడి ముచ్చట బయటికొస్తది గదా. నేను పక్కన స్టూల్ మీదనే ఉన్న. మోకాలితోని నా మోకాలు ఒత్తిండు, చెప్పకురా అని. నోరు మూసుకున్న. అక్క మొగడు, డాక్టర్ ముంగట బావ మాట కాదంటనా అనుకున్న. డాక్టర్ నా దిక్కు గూడ సూసిండు ఒకసారి. నేను గోడ మీది క్యాలెండర్ సూసిన.

రక్తం తక్కువుందని టానిక్ సీసా రాసిచ్చి, వారమైనంక రమ్మన్నడు. ఆరోనాడు క్యాంటీన్ల పప్పన్నం ముంగట కూసోని రక్తం కక్కుకున్నడు. కంపెనీ జీపుల నా ఒళ్లె తల పెట్టుకొని ఉన్నడు. దవాఖానా గేటు దాన్క గూడ పోలే, తొవ్వలనే పానం పోయింది. పదోనాడు త్రిమూర్తులు గారు ఇంటికొచ్చిండు, నొప్పి గోళీల ముచ్చట నేను చెప్తె నా చేతులు పట్టుకున్నడు. "నొప్పి బిళ్ళలు మింగుతున్నాడని ఒక్క మాట చెప్పుంటే, నేనే పెద్దాసుపత్రికి పంపేవాణ్ణి కదండీ" అని ఏడ్సిండు. మీ అమ్మకు గీ ముచ్చట తెల్వదు. అక్క మొఖం సూసి చెప్పేటంత ధైర్యం నాకు లేదు. నువ్వు చెప్తె చెప్పు. తిడ్తె తిట్టు. బావను నేనే సంపుకున్ననని రోజు అనిపిస్తది, ఎవలికి చెప్పుకోవాలె?

ఇగో వచ్చింది మజ్జిగ, తాగు. పొడి పారెయ్యమని నేనంటలేను. తీస్కపోయి డాక్టర్ టేబుల్ మీద పెట్టు, సార్, గిది తింటున్న అని చెప్పు. పొడి ఇచ్చినాయనకు గోళీల చీటి సూపియ్యి. తిడ్తె పడు, ఏం పోతది? పైపు రేపు పొద్దుగాల్నే గదా. తాగుతలెవ్వేంది? గ్లాసు కిందెందుకు పెట్టినవ్? ఇటు సూడు. మొఖం గింత తెల్లగుందేందిరా? కన్ను సూపియ్యి, రెప్ప కిందికి గుంజు. అల్లుడా, ఒకటడుగుత, మామ అని సిగ్గువడకు. దొడ్డికి నల్లగ పోతుందా?

లేదా?

మీ నాయిన గూడ గింత జల్దిగనే లేదన్నడు. శ్యామలా, నా చెప్పులు తే. రేపు దాన్క ఉండేది లేదు, ఆటోను పిలువు.