వాయిడ్ రాయను సార్

2014. విజయనగరం జిల్లాలో ఒక పాలిటెక్నిక్ కాలేజీ. కంప్యూటర్ లాబులో సోములు సారు, రెండో ఏడాది చదివే తులసి. రేపు సీ ప్రోగ్రామింగు ప్రాక్టికల్ పరీక్ష.

“మళ్లీ అదే తెచ్చినావేటి? ప్రోగ్రాము మొదట్లో వాయిడ్ మెయిన్ రాయమన్నానా లేదా?”

“అన్నారు సార్.”

“మరి ఈ ఇంట్ మెయిన్ ఏటి?”

“సీ భాషకి రూల్సు పుస్తకం ఉన్నాది కద సార్. పని అయిందో లేదో ప్రోగ్రాము ఒక అంకె సెప్పి ఎల్లాలి. వాయిడంటే సెప్పాపెట్టకుండా ఎల్లిపోడమే.”

“ఆ పుస్తకం వచ్చి నీ రికార్డు మీద సంతకం పెడతాదా? సంతకం లేకపోతే రేపు పరీక్షకి రానివ్వరు. ఏడాది పోతాది. తెలుసా?”

“తెలుసు సార్.”

“తెలిసి కూడా... సరే. స్క్రీను తుడిసే లైనేది?”

“అది సీ భాషది కాదు సార్. ఈ పాత నీలం స్క్రీను సాఫ్ట్‌వేరుది. ఇంకో మిషన్లో ఎక్కదు.”

“ఇంకో మిషనెందుకే నీకు? పరీక్ష ఇక్కడే కదా!”

“పరీక్ష అయిపోయినాక?”

“అయిపోయినాక సూసుకుందాం!”

“మా నాన్న పడవ ఒక్క రేవులోనే తేలితే దాన్ని పడవంతారేటి సార్?”

“నోరు! ఇదేటి మళ్లీ, సేపల బరువు కూడే ప్రోగ్రాములో అంకె దాయడానికి లాంగ్ అని పెద్ద గడెందుకు? ఇంట్ అనే సిన్న గడి సాలదా?”

“ఇక్కడ ఇంట్‌లో నలభై వేల కేజీలు పెట్టి సూడండి. మైనస్ ఇరవై అయిదు వేల సిల్లర వస్తాది. లాంగ్‌కయితే ఏ మిషనైనా అంత సోటు ఇచ్చి తీరాలని రూలు.”

“పన్నెండేళ్లుగా పాఠం సెప్తన్నాను. ఎవడూ అడగలేదు.”

“నేనడుగుతన్నాను సార్.”

“ఒక్క మాట మార్సవే తల్లీ. ఒకే ఒక్క మాట. ఇంట్ కొట్టీసి వాయిడ్ పెట్టు.”

“పెట్టను సార్. ఏడాది పోతే పోనీండి.”

“మొండి ఘటం! ఆ పెన్నిటివ్వు.”

“నా రాత మీద మీరు కొట్టీకండి సార్...”

“సంతకం పెడతన్నానే. అలా కూకో.”

“సార్?”

“సోమవారం ఈ మిషన్లు పట్టుకుపోతన్నారు. కొత్తవి లోపలి గదిలో దిగినాయి. పొద్దున్న నా ప్రోగ్రాములన్నీ వాటిలో కొట్టి సూసినాను. ఒక్కటీ నడవలేదు. నువ్వు నిన్న ఇచ్చినవి కొట్టినాను. అన్నీ నడిసినాయి.”

“మరి ఇంతసేపూ నన్ను...”

“నీది రైటని సంతకం పెడితే, పన్నెండేళ్ల పిల్లలందరికీ నేను తప్పు నేర్పినట్టు సంతకం పెట్టినట్టే కదే.”

“రేపు పరీక్ష పెట్టడానికి బయటినుంచొచ్చే సారు ఇది ఎవరు నేర్పారంటే? ఏటి సెప్పమంతారు?”

“మా సారు మాత్రం కాదని సెప్పు.”