రేడియేటర్‌లో ప్లమ్ సారా

సెర్బియా కొండల్లో ఒక ఇంటి పెరట్లో, పాత కారు కింద పరిచిన అట్టమీద తడి మరకను తండ్రీ కూతురూ వంగి చూస్తున్నారు.

"రేడియేటర్ పై గొట్టం చివర చీలింది నాన్నా. కానీ ఈ ప్లమ్ సారా వాసనేంటి?"

"చలికి గడ్డకట్టకుండా రేడియేటర్‌లో కాస్త పోశానమ్మా. మీ తాతా పోసేవాడు."

"తాత ట్రాక్టర్‌లో పోసేవాడు. సారా తొందరగా మరుగుతుంది. ఆ ఆవిరి ఒత్తిడికే గొట్టం చీలింది."

"రేపు నా స్నేహితుడి కొడుకు వుకాశిన్ పెళ్లికి నేనే సాక్షిని. నేను లేకుండా పెళ్లే మొదలవదు!"

"కంగారు పడకు. ఇంజన్ చల్లారింది, రేడియేటర్‌లో ఉన్నదంతా బకెట్లోకి దించేశాను. చీలిన ముక్క కోసేసి గొట్టం మళ్లీ బిగిస్తాను. పొడవు సరిపోతుంది."

"నిజంగానా?"

"చూస్తుండు."

కొంతసేపటికి, కొత్త కూలెంట్‌తో ఇంజన్ వేడెక్కి తిరుగుతున్నా కింద మార్చి పరిచిన కొత్త అట్ట పొడిగానే ఉంది.

"చూశావా? రేపు నిశ్చింతగా వెళ్లు. అన్నట్టు, వుకాశిన్ పుట్టినప్పుడే అతని పెళ్లి కోసం నువ్వు దాచిన సారా సీసా ఏది? కార్లో పెట్టేస్తాను."

"సగమే ఉందమ్మా. నేలమాళిగలో చీకటి, ఏ సీసానో చూసుకోలేదు."

"మిగతా సగం?"

"ఇందాక బకెట్లోకి దించావుగా."