సంఘం డేగిస

“డేగిస ఏడ పోయిందే!” అని లాలవ్వ చర్చి కాడ మొత్తుకుంటే వీధి చివర కూసున్న మనకు ఇనపడుతున్నది, చూసినవా అల్లుడా. సంఘమంత కలిసి తినే ప్రేమ విందు ఇయ్యాలనే, దానికి అన్నం వండే పెద్ద గిన్నె అది, సంఘం సొత్తు. పోవుడు దానికి అలవాటే. నువ్వు నిన్నగాక మొన్న కమిటీలకొచ్చినవ్, నీకు తెల్వదు గని, బాబూరావు సెక్రటరీగ ఉన్నప్పుడు గూడ గిట్లనే పోయింది. పాపం, ఆయన చచ్చిపోయి చాన ఏండ్లాయె. మంచోడే. తెల్లంగి, జేబుకు రెండు పెన్నులు. రెండూ రాయవనుకో, అది వేరే ముచ్చట.

ఆ బాబూరావు కమిటీకి నియమాలు పెట్టిండు. ఆదివారం ప్రార్థన అయినంక మైకుల చదివిండు: “కమిటీ సభ్యులు సంఘములో గొంతు లేపరాదు. లేపినవారు పదవి దిగిపోవలెను.” అందరం ఆమెన్ అన్నం. తర్వాత సమజైంది, అది ఈ లాలవ్వకు, అప్పటి లాలికి పెట్టిన మూకుతాడు. అప్పుడు కమిటీల ఈమె ఒక్కతే ఆడమనిషి, తండా నుంచి వచ్చేది. మామూలుగ మాట్లాడితేనే వాగు అవతల మేకలు తిరిగి చూసేటియి. పైగా ప్రతి మీటింగుల, సంఘం డేగిస ఎవరింట్ల ఉన్నదని అడిగేది. ఇంకొక్కసారి గట్టిగ అడిగితే పదవి పాయె.

విందు రోజు చాపల మీద కూసున్నం. పొయ్యి మండుతున్నది, డేగిస లేదు. పాస్టరుగారు కండ్లు మూసుకున్నడు, ప్రార్థనో ఆకలో. లాలి మెల్లగ పోయి బాబూరావు చెవుల గుసగుస పెట్టింది. ఆయన జరిగిండు. ఈమె గూడ జరిగింది. మళ్ల గుసగుస. దోమ లెక్క వదలదే. చివరికి పందిరి అదిరేటట్టు అరిచిండు: “నేనేమన్న దొంగనా!”

ఆయన ఇల్లు పక్కనే. భార్య సుశీలమ్మ డేగిస కోసం తననే పిలిచిండనుకున్నది. గోడ మీంచి తొంగిచూసి, “బర్రె కుడితి తాగుతున్నది, కాంగనే డేగిస పంపిస్త” అన్నది.

ఇగ జనం ఊకుంటరా? నియమం ప్రకారం దిగు, దిగు అన్నరు. లాలి మాత్రం గుసగుసగనే, “దిగుడెందుకు? ముందు తోమమనుండ్రి. తర్వాత వడ్డించమనుండ్రి” అన్నది. బాబూరావు వంగి తోముతుంటే ఒక పెన్ను కుడితిల పడ్డది. అన్నం అయినంక అందరికీ వడ్డించి, గంటె పట్టుకొని నిలబడ్డడు. లాలి జరిగి చాప మీద జాగ ఇచ్చింది. కూసున్నడు, తిన్నడు, రెండోసారి గూడ అడిగిండు.

నవ్వుతలేవేంది అల్లుడా? ఓహో... మీ ఇంట్లనా? పాప పుట్టినరోజు బిర్యానీకి తీస్కపోయినవా? లే మరి, డేగిస తీస్కరా, పీచు అందుకో. నేను నీళ్లు పోస్త.

ఆఁ, అన్నం ఉడికింది. నీ వడ్డించుడు గూడ అయిపాయె. లాలవ్వ పక్కన జాగ ఉంది, రా, అందరం కూసున్నం. సాంబారు కావాలంటే మెల్లగ అడుగు, నువ్వు గూడ కమిటీ మెంబరువే.