తొందరపడిన ఆమేన్

లేదు అయ్యగారూ, ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. ఈ ఓబన్న ఆదివారం చర్చికి రాలేదు అనండి, తలొంచుకుంటా. ఓబన్న కూతురిని తోడుకోని జూదానికి పోయినాడు అంటే యాడ ఒప్పుకునేది? సంఘపెద్దను నేను. ఈ నందికొట్కూరులో ముప్పై ఏండ్లుగా మోటార్‌సైకిల్ షెడ్డు పెట్టుకోని, ఒక్క బండికి గూడ పాత సామాను వేసి కొత్తది అని చెప్పినోణ్ణి కాదు.

కూచోండి. ఆ స్టూలు వద్దు, దానికి ఆయిలు ఉండాది, మీవి తెల్లబట్టలు. ఈ కుర్చీలో కూచోండి. విశ్వాసమ్మా, పాస్టరు అయ్యగారొచ్చినారు, టీ పెట్టు.

జూదం కాదు, డ్రాగ్ రేసు అంటారు దాన్ని. రోడ్డు మీద కాదయ్యా, కడప అవతల కంచె వేసిన ట్రాకులో. అంబులెన్సు పెట్టింటారు, హెల్మెట్టు లేకుంటే గేటు లోపలికే రానీరు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి, నేరుగా నాలుగు వందల మీటర్లు పోతాయి. అంతే.

బండి మా బిడ్డ దీవెన తోలతాది. ఏం, ఆడపిల్ల తోలితే చక్రం తిరగదా? మన సంఘంలో ఎవురు అన్నారో నాకు తెలుసు, పేరు చెప్పను. వాళ్ళ బండికి క్లచ్ వైరు మార్చింది మా దీవెననే.

కష్టం యాడుందంటే, కదిలే కాడ ఉండాది. బండ్ల ముందర ఒక కంబం ఉంటాది. మూడు పసుపు దీపాలు ఒకదాని ఎనకాల ఒకటి వెలుగుతాయి, నాలుగోది పచ్చ. పచ్చ రాకముందే చక్రం కదిలిందా, ఎర్ర దీపం. ఎంత వేగంగా పోయినా ఓడినట్లే. పోనీ పచ్చ చూసినాక వదులుదాం అంటే, కంట్లో పడి చేతికి తెలిసేలోపల పక్కోడు పోయింటాడు. అందుకని లెక్కపెట్టి వదలల్ల.

ఆ లెక్క నేనే నేర్పించినా. మొదటి దీపానికి తండ్రి. రెండోదానికి కుమార. మూడోదానికి పరిశుద్ధాత్మ. ఆ మాట పూర్తిగా అని క్లచ్ వదలల్ల. చక్రం కదిలేసరికి ఆమేన్, పచ్చ దీపం.

నవ్వుతాండారే. దేవుని పేరు ఊరికే వాడుకోలేదయ్యా, భయంతోనే వాడినా. గంటకు నూటయాభై పోయే బండి మీద ఉండేది నా బిడ్డ.

చెయ్యి ఒకటే సరిగా ఉంటే చాలదు, ఇంజను గూడ ప్రతిసారీ ఒకే మాదిరి ఉండల్ల. నిమిషానికి అయిదు వేల చుట్లలో ఒకసారి క్లచ్ వదిలి, ఏడు వేలలో ఇంకోసారి వదిలితే, బండి ఒకసారి బద్ధకంగా లేస్తాది, ఒకసారి ముందు చక్రం పైకెత్తుతాది. దానికి లాంచ్ లిమిటర్ అని చిన్న పెట్టె ఉండాది. క్లచ్ పట్టుకోని యాక్సిలేటరు మొత్తం తిప్పినా, మనం పెట్టిన లెక్క దాటి ఇంజనును పోనీదు. నాకు శానా నచ్చింది. మనుషులకు గూడ ఒకటి బిగిస్తే ఈ ఊర్లో సారాయి అంగడి మూతపడేది. ఆరున్నర వేల దగ్గర పెట్టినా.

మొదటి రేసు, ఎర్ర దీపం. రెండో రేసు, ఎర్ర దీపం.

నా సంగతి మీకు తెలుసు గదా. ఇంటికొచ్చి చెప్పేసినా. "ఓపిక లేని చేతికి బండి ఎందుకు? మూడో రేసులో గూడ ఎర్ర దీపం వచ్చిందా, దీన్ని బోల్టు బోల్టు ఇప్పి మూటగడతా. మళ్ళా రేసు మాట ఈ ఇంట్లో వినపడగూడదు" అని. నేను అంటే అన్నట్లే. దానికీ తెలుసు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

మూడో రోజు ట్రాకు వాళ్ళు ఇచ్చిన చీట్లన్నీ తెచ్చి నా ముందర పరిచింది. రేసుకైనా ప్రాక్టీసుకైనా, ప్రతిసారీ ఎప్పుడు కదిలిందో అచ్చేసి ఇస్తారులే. "చూడు నాయనా. సెకనును నూరు ముక్కలు చేస్తే, ప్రతిసారీ రెండు ముక్కలు ముందర పడుతున్నా. ఎక్కువా లేదు, తక్కువా లేదు. నీ కూతుర్ని గదా, తప్పు గూడ క్రమశిక్షణగా చేస్తాండా. లిమిటరు కొంచెం దించు. బండి ఆ రెండు ముక్కలు ఆలస్యంగా లేస్తాది" అనింది.

నాకు మండింది. మనిషి తప్పుకు ఇంజనును వంచేదా? తొందర నీదైతే నువ్వు తగ్గు అంటి. ఈ షెడ్డులోనే అయిదు బల్బులు కట్టి, టైమరు పెట్టి, "ఎట్ల నిలబడల్లో చూసి నేర్చుకో" అని నేనే బండెక్కినా.

తండ్రి. కుమార. పరిశుద్ధా...

ఎర్ర దీపం.

పదిసార్లకు పదిసార్లు, అయ్యగారూ. దానిది రెండు ముక్కల తొందర, నాది ఏడు.

ఇదో, మా ఇంటామె ఈ విశ్వాసమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వుతా, "చర్చిలో గూడ అంతే గదా ఈయన. అయ్యగారు పరిశుద్ధా అనంగానే ఆమేన్ అని అరుస్తాడు. ఆ తర్వాత అయ్యగారు ఏమంటారో ఈ సంఘంలో ఎవురూ విన్నది లేదు" అనింది.

దీవెన నవ్వలేదు. "నాయనా, నీ ఒళ్ళో కూచోని నేర్చుకున్న ఆమేన్ ఇది" అనింది.

నేను ఇచ్చిన అలవాటుకు దాని బండి ఇప్పేదా? ఇరవై ఏండ్లుగా నాటుకున్నది వారంలో పోతాదా?

దించినా. శనివారం ప్రాక్టీసుకు పోయి ట్రాకులోనే పొద్దంతా కూచోని చూసినాం. రెండు వందలు దించితే ఇంకా ఎర్ర దీపమే, నాలుగు వందలు దించితే బండి నిద్రపోతాంది. మూడు వందలు. ఆరువేల రెండు వందల కాడ నిలిపినా.

ఆదివారం నాలుగుసార్లు పిలిచినారు. నేను కంబం కాడ నిలబడి కండ్లు మూసుకున్నా. నాలుగుసార్లూ పచ్చ. కడాసారి ఒక అనంతపురం పిల్లోడి పెద్దబండి ముందర ఓడిపోయింది. ఓడితే ఏమి? పచ్చ దీపంలో ఓడింది. నా మాటా నిలిచింది, దాని బండీ నిలిచింది. వచ్చేటప్పుడు దారంతా దేవుని పాటలు పాడుకుంటా వచ్చినాం, కావల్లంటే అడగండి.

ఇంకొకటి ఉండాది. మీరు అడగలేదు, నేనే చెప్తా. ముప్పై ఏండ్లుగా నేను ఆమేన్ ముందర ఎందుకంటానో తెలుసా? భక్తి కాదు. అందరికంటే ముందు నా గొంతు వినపడల్ల, ఓబన్నకు ఎంత విశ్వాసమో అని నలుగురూ అనుకోవల్ల. అంతే అయ్యగారూ. ఊరందరికీ లిమిటరు పెట్టల్లని చూసినోణ్ణి, నా గొంతుకు పెట్టుకోలేదు.

టీ తాగినారు గదా, ప్రార్థన చేసి పోండి. బండిని గూడ తలుచుకోండి, తప్పేముంది. ఈసారి మీరు పూర్తిగా ముగించేదాకా నేను నోరు తెరిస్తే అడగండి. దీవెనా, చేతులు కడుక్కోని రా తల్లీ. విశ్వాసమ్మా, కొంగు కప్పుకో.

ఊ, కానీండి.

...

ఆమేన్.

ఏంది, అందరూ నన్నే చూస్తాండారు? ఇంకా అయిపోలేదా?

సరే. ఇంక నేను మారేది లేదు గాని, అయ్యగారూ, మీరే మీ ప్రార్థనకు ఒక మూడు వందల చుట్లు పెంచుకోండి.